పలక ఇచ్చిన ఊరికి నీళ్ళెప్పుడు?

సంక్రాంతి వెళ్ళిందంటే గుంటూరు, పల్నాడు చేలలో మిరప కోతలు ఊపందుకుంటాయి. పండిన కాయ చెట్టు మీద ఎక్కువ రోజులుంటే రంగు తగ్గుతుంది. కల్లంలో ఆరబోశాక మంచు పడితే నాణ్యత పోతుంది. యార్డులో నిన్నటి ధర ఇవాళ ఉంటుందన్న భరోసా లేదు. అందుకే రైతు తొందర రైతుది. ఆ తొందర తీర్చే చేతుల్లో చాలావరకు మన ఊళ్ళవి కావు. మార్కాపురం, ఎర్రగొండపాలెం, దోర్నాల, కంభం, గిద్దలూరు, కనిగిరి వైపు నుంచి, ఇంకా అవతల కర్నూలు పల్లెల నుంచి వచ్చినవి. మేస్త్రి ముందే అడ్వాన్సు ఇచ్చి మాట్లాడుకున్న ముఠాలు లారీల్లోనో, ఆటోల్లోనో, రైళ్ళలోనో దిగుతాయి. చేను గట్టున పరదా పట్టాల గుడిసెలు లేస్తాయి. కోతలు అయ్యేదాకా అక్కడే వంట, అక్కడే నిద్ర.

వాళ్ళు వస్తారని, కోస్తారని, ఉగాది దాటాక వెళ్ళిపోతారని మనకు తెలుసు. ఏ ఊరి నుంచి వస్తున్నారో, ఆ ఊళ్ళో ఏముందో, ఏం లేకపోబట్టి ఇంటికి తాళమేసి ఇంతదూరం వస్తున్నారో తెలుసుకున్నది తక్కువ. ఆ పడమటి ప్రాంతానికి పెద్ద దిక్కయిన పట్టణం మార్కాపురం. దాని గురించి మైదానంలో ఉన్న మనం ఒకసారి నిదానంగా ఆలోచించాలి.

గుంటూరులో నంద్యాల వైపు వెళ్ళే రైలెక్కితే నరసరావుపేట దాకా పత్తి, మిరప చేలు కిటికీ పక్కనే నడుస్తాయి. వినుకొండ దాటాక నేల రంగు మారుతుంది. నల్లరేగడి వెనకబడి ఎర్రనేల, రాతినేల ముందుకొస్తాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో విమానాల కోసం మైదానం కట్టిన దొనకొండ వస్తుంది. ఆ తర్వాత కంది చేలు, పొగాకు మడులు, బోరు కింద ఎక్కడో ఒక బత్తాయి తోట, మధ్యలో పడావు పెట్టిన పొలాలు. మార్కాపురం రోడ్డు స్టేషనులో దిగేసరికి పడమటి దిక్కున నల్లమల బారుగా కనిపిస్తుంది. ఊరు స్టేషనుకు కొంచెం ఎడంగా ఉంటుంది. 2011 జనాభా లెక్కల నాటికే ఊళ్ళో 70 వేల మందికి పైగా జనం. విజయనగర కాలం నాటి శిల్పపు స్తంభాలున్న చెన్నకేశవస్వామి గుడి ఊరికి నడిబొడ్డు. చుట్టుపక్కల మండలాల వాళ్ళకు ఆసుపత్రయినా, కాలేజీ అయినా, కోర్టు అయినా, ఎరువుల కొట్టయినా మార్కాపురమే.

ఈ ఊరి పేరు మన రాష్ట్రంలో ఒకప్పుడు బడికెళ్ళే పిల్లలకూ తెలుసు. వాళ్ళ చేతిలో పలక ఇక్కడిదే. అక్షరాభ్యాసం నాడు పళ్ళెంలో బియ్యం మీద రాయించినా, మర్నాటి నుంచి ఓనమాలు దిద్దింది రాతి పలక మీదనే. ఆ రాయి మార్కాపురం, తర్లుపాడు చుట్టుపక్కల గనుల్లోంచి వచ్చింది. మన దేశంలో రాతి పలకలకు పెట్టింది పేరు ఈ ఊరే. విదేశాలకూ ఇక్కడి నుంచి పలకలు ఓడలెక్కాయి.

పలక తయారయ్యే తీరు దగ్గరుండి చూడాల్సిందే. గనిలోంచి తెచ్చిన బండను ఆరిపోనివ్వరు, తడిగా ఉంచుతారు. పనివాడు బండను నిలబెట్టి, అంచున సన్నటి ఉలి ఆనించి, సుత్తితో మెల్లగా తడతాడు. బలంగా కొడితే ముక్కలవుతుంది. రాతిలో పొర ఎటు నడుస్తుందో వేలితో తడిమి, అటే ఉలి పోనిస్తాడు. ఒక దెబ్బ, ఇంకో దెబ్బ, టక్కున పొర విడుతుంది. విడిన ముఖం ఎంత నున్నగా ఉంటే పనివాడికి అంత పేరు. తర్వాత కొలతకు కోసి, రుద్ది, చుట్టూ చెక్క చట్రం బిగిస్తారు. కోసేటప్పుడు, రుద్దేటప్పుడు లేచే సన్నటి దుమ్ము మనిషి కనురెప్పల మీద, మీసాల మీద తెల్లగా పేరుకుంటుంది. బయట పేరుకున్నది కడుక్కుంటే పోతుంది. లోపలికి పోయిన రాతిదుమ్ము పోదు. ఏళ్ళ తరబడి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ అవుతుంది. దగ్గుతో మొదలై, నాలుగడుగులు వేస్తే ఆయాసం దాకా వస్తుంది. క్షయ అనుకొని మందులు మింగుతూ పోయినవాళ్ళు ఇలాంటి పనుల్లో ఎక్కడైనా ఉంటారు.

ఇంకో సంగతి ఉంది. 1987లో కేంద్రం జాతీయ బాలకార్మిక విధానం ప్రకటించాక, ప్రత్యేక ప్రాజెక్టుల కోసం తొలి విడతలో ఎంచుకున్న చోట్లలో శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజు పని, మందసౌర్ బలపాలతో పాటు మార్కాపురం పలకల పరిశ్రమ కూడా ఉంది. అంటే, మన పిల్లలు అక్షరాలు దిద్దిన పలకను తయారుచేసిన చేతుల్లో బడి మొహం చూడని పసిచేతులు కూడా ఉన్నాయి. దీన్ని ఎన్నిసార్లు తలుచుకున్నా మనసు కలుక్కుమంటుంది. ఆ పిల్లలు ఇప్పుడు నడివయసు దాటినవాళ్ళు. వాళ్ళలో కొందరి పిల్లలో, మనవలో నిన్న మన చేలో కాయ కోసి ఉండవచ్చు.

తర్వాత్తర్వాత నోటు పుస్తకాలు చవకయ్యాయి, ప్లాస్టిక్ పలకలు, రేకు పలకలు వచ్చాయి. రాతి పలక వెనక్కి తగ్గింది. కొన్ని ఫ్యాక్టరీలు గచ్చులకూ గోడలకూ వాడే రాతి పలకలు కోసి పైదేశాలకు పంపుతూ నిలదొక్కుకున్నాయి. మిగతావి మూతబడ్డాయి. రాతి పని తగ్గిన ఇళ్ళ నుంచి మనుషులు బేల్దారి పనికి హైదరాబాదు, బెంగళూరు దారి పట్టారు. ఈ రెండు నగరాల్లో కడుతున్న ఏ ఎత్తయిన భవనం దగ్గర ఆగి అడిగినా పడమటి ప్రకాశం మాట వినబడుతుంది.

ఊళ్ళ సరిహద్దుల కథ కూడా చెప్పుకోవాలి. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు మొదట కర్నూలు జిల్లాలో ఉండేవి. కనిగిరి, పొదిలి, దర్శి, కందుకూరు నెల్లూరువి. ఒంగోలు, అద్దంకి, చీరాల గుంటూరువి. మూడు జిల్లాల అంచులు కోసి 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా చేశారు. రెండేళ్ళకు దానికి ఆంధ్రకేసరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. మూడు చోట్లా మారుమూల అయిన ప్రాంతాలకు తమదంటూ ఒక జిల్లా వచ్చిందని సంతోషించారు. కానీ కొండ అంచున ఉన్నవాళ్ళకు దూరం తగ్గలేదు. మార్కాపురం నుంచి ఒంగోలు సుమారు వంద కిలోమీటర్లు. ఎర్రగొండపాలెం వాళ్ళకు ఇంకా ఎక్కువ. కలెక్టరు దగ్గర అర్జీ పెట్టాలంటే ఒకరోజు కూలి, బస్సు చార్జీ, మధ్యాహ్నం తిండి. అర్జీదారు వెళ్ళిన రోజు అధికారి సమావేశంలో ఉంటే మళ్ళీ అంతా మొదటికే.

మార్కాపురం జిల్లా కావాలని అందుకే ఏళ్ళ తరబడి అడిగారు, దీక్షలు చేశారు. ఎర్రగొండపాలెం, మార్కాపురం, కనిగిరి, గిద్దలూరు నియోజకవర్గాలతో మార్కాపురం జిల్లా ఏర్పాటుకు 2025 నవంబరులో ముఖ్యమంత్రి ఆమోదం తెలిపారు. మంచి మాట. మనస్ఫూర్తిగా ఆహ్వానించాలి. అయితే కలెక్టరేటు బోర్డుతో పాటే నీళ్ళు రావు. ఆ తేడాను అక్కడివాళ్ళు మనకంటే బాగా ఎరుగుదురు.

సరిహద్దు గీత జనానికి ఎంత ముఖ్యమో దక్షిణాఫ్రికాలోని మటాటియేలే అనే కొండ అంచు పురపాలికను చూస్తే తెలుస్తుంది. డ్రాకెన్స్‌బర్గ్ పర్వతాల కింద, లెసోతో దేశపు సరిహద్దున ఉంది అది. పశువులు, జొన్న, మొక్కజొన్న, కొండవాలు మీద చెదురుమదురు పల్లెలు, నగరాలకు పనికి పోయే మగవాళ్ళు. 2005లో ఆ ప్రాంతాన్ని క్వాజులు-నాటాల్ రాష్ట్రం నుంచి తీసి ఈస్టర్న్ కేప్‌లో కలిపారు. జనం కోర్టుకెక్కారు. సరిహద్దు మార్చే ముందు అక్కడి ప్రజల మాట వినలేదని 2006లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ మార్పు చెల్లదంది. ప్రభుత్వం మళ్ళీ పద్ధతి ప్రకారం సవరణ తెచ్చి అదే పని చేసింది, అది వేరే సంగతి. కానీ మారుమూల కొండ ప్రజలను అడగకుండా గీత జరపకూడదన్న మాట ఒక దేశపు అత్యున్నత న్యాయస్థానం నోట వచ్చింది. మన దగ్గర తాలూకాలనూ మండలాలనూ అటూ ఇటూ మార్చినప్పుడు ఆ మాట ఎవరన్నారు?

ఆ దేశం నుంచి మనం నేర్చుకోదగింది ఇంకొకటి ఉంది. అక్కడ 2000 నుంచి దేశంలోని ప్రతి అంగుళం ఏదో ఒక పురపాలికలో ఉంటుంది. పట్టణం, దాని చుట్టూ పల్లెలు, కొండ మీది గుడిసెలు, అన్నీ ఒకే పాలన కింద. మేయరు కొండపల్లె నీటికి కూడా జవాబుదారీ. మన మున్సిపాలిటీ పట్టణపు హద్దుతో ఆగిపోతుంది. మార్కాపురం పట్టణానికి నాగార్జునసాగర్ కాలువ నీళ్ళు పైపుల్లో వస్తాయి, అవి చాలక ట్యాంకర్లు తిరుగుతాయి. హద్దు దాటి నాలుగు మైళ్ళు పోతే ఆ ఊరి దాహం పంచాయతీది, ఇంకా లోపలికి పోతే అటవీ శాఖది. ఎర్రగొండపాలెం మండలంలో పాలుట్ల అనే చెంచు గూడెం పులుల అభయారణ్యం లోపల ఉంది. అక్కడికి రోడ్డు వేయాలన్నా, కరెంటు తీగ లాగాలన్నా అడవి చట్టాల అనుమతి కావాలి. పులికి రక్షణ ఉండాలి, అందులో రెండో మాట లేదు. కానీ పులి కంటే ముందు నుంచీ అడవిని కాచిన చెంచులకు కుళాయి ఇవ్వడం ఏ శాఖ పని? కొత్త జిల్లా వచ్చాక అయినా ఎవరో ఒకరు ఇది నా పని అనాలి.

నీటి దగ్గరికే వద్దాం, ఎందుకంటే పడమటి ప్రాంతంలో ఏ మాట మొదలుపెట్టినా అక్కడికే వస్తుంది.

ఒకప్పుడు ఈ నేలకు నీరు తెచ్చిన తెలివి ఎంత గొప్పదో కంభం చెరువు చెబుతుంది. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ రెండు కొండల నడుమ ఇరుకు దారిలోంచి బయటపడే చోటు చూసి, అక్కడ చిన్న కట్టతో అంత పెద్ద చెరువును నిలబెట్టారు. విజయనగర కాలం నాటిది. రాణి వరదరాజమ్మ కట్టించిందని అక్కడి జనం చెప్పుకుంటారు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దీన్ని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది. చెరువు నిండితే ఆయకట్టు పదివేల ఎకరాల పైమాటే. నిండితే అన్నదే చిక్కు. వరసగా వానలు మొహం చాటేసిన ఏళ్ళలో చెరువు గర్భం పగుళ్ళు తేలి మేకల మేతబీడయింది. ప్రపంచ వారసత్వం అన్న పత్రం ఆ పగుళ్ళను పూడ్చలేదు.

చెరువులు ఎండాక బోర్లు వచ్చాయి. ఒక బోరు ఎండితే ఇంకొకటి, అది ఎండితే దాని పక్కన మరొకటి. బోరు వేయించిన అప్పు తీరకముందే నీరు కిందికి దిగిపోయిన రైతులు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. లోతుకు పోయేకొద్దీ నీటిలో ఫ్లోరైడ్ పెరిగింది. కనిగిరి చుట్టుపక్కల పల్లెల్లో పళ్ళ మీద గోధుమరంగు గారలు, వంగిన నడుములు, కీళ్ళు బిగిసి కూర్చోలేని ముప్పై ఏళ్ళ మనుషులు. తాగడానికి డబ్బా నీళ్ళు కొనుక్కోవాలి. కూలి చేసుకునే ఇంట్లో నీటికి అయ్యే ఖర్చు బియ్యం ఖర్చుకు పోటీ వస్తుంది. కృష్ణ పొలం గట్టునే పారే ఊళ్ళలో పుట్టి పెరిగిన మనకు ఆ లెక్క వింతగా ఉంటుంది.

ఈ కష్టానికి ఇంజినీర్లు చూపిన విరుగుడు వెలిగొండ. శ్రీశైలం జలాశయంలో కొల్లంవాగు దగ్గర కృష్ణ వరద నీటిని అందుకొని, నల్లమల పొట్టలోంచి రెండు సొరంగాల ద్వారా తెచ్చి, సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల నడుమ సందులకు ఆనకట్టలు కట్టి నల్లమలసాగర్‌లో నింపడం. ఏటా 43.5 టీఎంసీల నీరు. ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో 4.47 లక్షల ఎకరాలకు సాగునీరు, 15 లక్షల మందికి తాగునీరు. దానికి ఈ ప్రాంతపు కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు పెట్టారు. శంకుస్థాపన 1996లో. ఒక్కో సొరంగం పొడవు 19 కిలోమీటర్లకు కాస్త తక్కువ. మొదటి సొరంగం తవ్వడం 2021 జనవరిలో అయింది, రెండోది 2024 జనవరిలో. ఆ మార్చిలో ప్రాజెక్టును జాతికి అంకితం చేశారు. రెండో సొరంగం లైనింగ్, ఫీడర్ కాలువ, నిర్వాసితుల పరిహారం మాత్రం అలాగే మిగిలాయి. శంకుస్థాపన నాడు పుట్టిన బిడ్డలు బేల్దారి పనిలో మేస్త్రీలయ్యారు.

ఇదే నల్లమలలో ఇంకో సొరంగం ఉంది. 1876–78 నాటి ధాత కరువులో లక్షల మంది పోయాక, కరువు సీమకు గింజలు చేరవేయాలన్న ఆలోచనతో బళ్ళారి నుంచి కృష్ణ దాకా రైలు మార్గం వేశారు. ఆ దారిలో దిగువమెట్ట దాటాక దొరబావి వంతెన, బొగద సొరంగం 1880లలో కట్టినవి. సొరంగం పొడవు మైలుకు దగ్గర. ఉలి, సుత్తి, మందుగుండు, మలేరియాకు రాలిపోయే కూలీలు, అప్పటి సాధనాలు అవే. ఆ పని చేయించినవాళ్ళు పరాయి దొరలు, వాళ్ళ అవసరాలు వాళ్ళకున్నాయి. అయినా కొన్నేళ్ళలోనే రైలు నడిచింది. కరువుకు గింజలు తేవడానికి వేసిన ఆ దారి మీదే నేడు కరువు మనుషులు పనికి బయటికి పోతున్నారు.

మటాటియేలే పక్కనున్న లెసోతోది మరో రకం కథ. ఆ కొండ దేశం 1986లో దక్షిణాఫ్రికాతో ఒప్పందం చేసుకొని కాట్సే అనే చోట పెద్ద డ్యాం కట్టనిచ్చింది. అక్కడి నుంచి పర్వతాల కింద 45 కిలోమీటర్ల సొరంగం, దాని తర్వాత మరో సొరంగం. 1998 జనవరిలో నీళ్ళు జొహన్నెస్‌బర్గ్ వైపు దిగాయి. పరిశ్రమలకు, గనులకు, నగరానికి నీరందింది. లెసోతో ఖజానాకు రాయల్టీ అందింది. డ్యాం పక్కన కొండ మీదున్న పల్లెలు మాత్రం తమ కుళాయి కోసం చూస్తూ ఉండిపోయాయి. మునిగిన పొలాలకు ఇచ్చిన పరిహారం సరిపోలేదన్న బాధ నేటికీ ఉంది. డబ్బూ పట్టుదలా ఉన్న నగరానికి నీరు కావలసి వస్తే 45 కిలోమీటర్ల కొండ అడ్డు కాలేదు. కూలి జనానికి నీరు కావలసి వస్తే 19 కిలోమీటర్లు మూడు దశాబ్దాలు పట్టాయి. రాయి రెండుచోట్లా గట్టిదే. గట్టిగా అడిగే గొంతు ఎవరిదన్న దగ్గరే తేడా అంతా.

లెసోతో పల్లెల తప్పు మన దగ్గర జరగకూడదు. నల్లమలసాగర్ కింద సుంకేసుల, కలనూతల, గుండంచర్ల, గొట్టిపడియ వంటి 11 ఊళ్ళు మునుగుతాయి. అక్కడి ఇళ్ళలో ఏళ్ళ తరబడి కొత్త గోడ లేవలేదు, ఎప్పటికైనా పోయే ఊరని. ఉన్న ఇంటికి సున్నం వేయాలన్నా ఎందుకులే అంటారు. పిల్లనివ్వడానికి బయటి ఊళ్ళవాళ్ళు వెనకాడతారు. ఊరు మునిగినా అంత బాధ ఉండదేమో, ఇవాళో రేపో మునుగుతుందంటూ ముప్పై ఏళ్ళు కూర్చోబెట్టడం చాలా పెద్ద శిక్ష. మొదట లెక్కగట్టిన పరిహారం ధరలు నేటి ధరలకు ఏ మూలకూ రావు. నాడు బడికి పోతున్న పిల్లలు నేడు పెళ్ళయి వేరు కాపురాలు పెట్టారు, వాళ్ళ పేర్లు జాబితాలో ఉండాలి కదా. నల్లమలసాగర్‌లోకి మొదటి నీటి బొట్టు వదిలే ముందే వీళ్ళ లెక్క రూపాయితో సహా తేల్చాలి. నీళ్ళ కోసం ఎదురుచూసే లక్షల మంది పేరు చెప్పి పదకొండు ఊళ్ళను తొందరపెట్టడం ధర్మం కాదు.

దుమ్ము తిన్న ఊపిరితిత్తుల సంగతి కూడా అంతే. లెసోతో కొండల నుంచి తరతరాలుగా మగవాళ్ళు దక్షిణాఫ్రికా బంగారు గనులకు పోయి సిలికోసిస్‌తో ఇళ్ళకు తిరిగొచ్చారు. వాళ్ళూ, అక్కడి గని కార్మికులూ కలిసి ఏళ్ళ తరబడి పోరాడితే 2019లో జొహన్నెస్‌బర్గ్ హైకోర్టు ఆమోదంతో 500 కోట్ల రాండ్ల పరిహారానికి ఒప్పందం కుదిరింది. మార్కాపురం పలకల పనివాళ్ళు అంతమంది కారు, వాళ్ళ యజమానులు అంత పెద్ద కంపెనీలూ కారు. అయినా కొత్త జిల్లా పెద్దాసుపత్రిలో వాళ్ళకోసం ఒక గది, ఒక ఎక్స్‌రే, రాతిదుమ్ము జబ్బును క్షయ అని రాయకుండా సరిగ్గా గుర్తుపట్టే ఒక డాక్టరు ఉండడం పెద్ద కోరికేమీ కాదు. ఊరికి మంజూరైన మెడికల్ కాలేజీకి ఇంతకంటే దగ్గరి పని ఏముంటుంది?

ఇక మన వైపు చేలలోకి తిరిగి వద్దాం. మిరప కోసే ఆడమనిషి వేళ్ళు చూడండి. సాయంత్రానికి ఘాటుకు మండి ఎర్రబడతాయి. పొరపాటున కంట్లో పెడితే ఆ రాత్రి నిద్రలేదు. నూనె రాసుకుంటారు, కొందరు చేతికి గుడ్డ చుట్టుకుంటారు. నడుము వంచి సాలు వెంట పోతూ ఒక చేత్తో కొమ్మ పట్టి, ఇంకో చేత్తో తొడిమ విరవకుండా కాయ తెంపుతారు. తొడిమ పోతే ధర పోతుంది. కల్లంలో తాలు ఏరేటప్పుడు దుమ్ముకు తుమ్ములు, దగ్గులు. కేజీల లెక్కన కూలి, అందుకే తల్లి వెంట పిల్లలు కూడా ఒక సాలు పట్టుకుంటారు. వలసపోయే కుటుంబాల పిల్లలు చదువు మానకుండా ఊళ్ళోనే ఉండేందుకు సీజనల్ హాస్టళ్ళు నడుపుతున్నారు. మంచి పథకమే. కానీ ఆడపిల్లను పరాయి ఇంట్లో, హాస్టల్లో వదిలి రావడానికి తల్లి మనసొప్పదు. ముసలి అవ్వ దగ్గర వదిలితే అవ్వకే చూసేవాళ్ళు లేరు. బడి రిజిస్టరులో జనవరి నుంచి మార్చి దాకా ఆ పిల్ల పేరు ఎదురుగా గైర్హాజరే.

రైతును తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. మన రైతు కూడా పురుగుతో, తెగులుతో, ధరతో నలిగినవాడే. 1987–88లో తెల్లదోమ పత్తిని తినేసినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు అప్పుల బాధకు ప్రాణాలు తీసుకోవడం రాష్ట్రాన్ని కుదిపేసింది. నిన్నమొన్న తామర పురుగు మిరప పూతను మింగినప్పుడు కౌలు రైతు ఏమయ్యాడో మనం చూశాం. కోత కూలి అతని పెట్టుబడిలో పెద్ద వాటా. అతని కష్టం, ఆమె కష్టం ఒకే చేలో ఉన్నాయి. అందులో ఎవరిది పెద్దదని తూకం వేయడం అనవసరం. కానీ అతనికి కాలువ నీరు ఉంది, ఆమె ఊరికి లేదు. కృష్ణ మీద ఆనకట్ట పడ్డ నాటి నుంచి, సాగర్ కాలువలు వచ్చిన నాటి నుంచి మైదానం పంట పెంచుకుంటూ పోయింది. కొండ అంచు తన మనుషులను మన పంటకు కూలీలుగా పంపుకుంటూ వచ్చింది. అందుకని వెలిగొండ నీరు వాళ్ళకు ఎవరో చేసే దయ కాదు. పాత బాకీ.

వెలిగొండ గురించి మాట్లాడినప్పుడల్లా మైదానం వైపు ఒక సందేహం వినిపిస్తుంది. అక్కడ నీళ్ళొస్తే ఇక్కడ కోతలకు మనుషులు ఎవరని. ఆ సందేహం నిజమే, దాచుకోవాల్సిన పని లేదు. కూలి పెరగవచ్చు. కోత యంత్రాల గురించి లాం పరిశోధనా స్థానం లాంటి చోట్ల ఇంకా గట్టిగా పనిచేయాల్సి రావచ్చు. సాళ్ళు వెడల్పు చేసి, ఒకేసారి కాయ పండే రకాలు వేయాల్సి రావచ్చు. పక్క ఊరి దాహం మీద మన పంట నిలబడాలని మాత్రం ఏ రైతూ కోరుకోడు. మార్కాపురం దగ్గర కందికి, బత్తాయికి నీళ్ళు పారిన నాడు గుంటూరు వ్యాపారం పెరుగుతుందే కాని తగ్గదు.

ప్రభుత్వం చేయాల్సిన పనులకు ఒక వరస ఉంది. నిర్వాసితుల లెక్క ముందు. ఫీడర్ కాలువ, లైనింగ్ ఆ వెంటనే. ఒక సొరంగంతో అయినా తాగునీరు మొదట వదలాలి, సాగు కాలువలు ఆ తర్వాత. కంభం చెరువును ఆ వ్యవస్థకు కలపాలి. జిల్లా కార్యాలయాలకు కొత్త భవనాలు కట్టేది ఎప్పుడైనా కట్టవచ్చు, ఉన్న పాత తాలూకా కచేరీల్లో కొన్నాళ్ళు సర్దుకోవచ్చు. తొలి కలెక్టర్లు వారానికి ఒకరోజు దోర్నాలలో, ఒకరోజు కనిగిరిలో అర్జీలు తీసుకుంటే జనం దూరం తగ్గినట్టు నమ్ముతారు.

అవన్నీ అయ్యేదాకా కోతలకు వచ్చేవాళ్ళు వస్తూనే ఉంటారు. ఈ సీజనులో వాళ్ళు మన గట్ల మీద దిగినప్పుడు మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. చేను దగ్గర మంచినీళ్ళ డ్రమ్ము, ఆడవాళ్ళకు చాటయిన మరుగు, చేతులకు గ్లవ్స్, మందు కొట్టిన చేలోకి వెంటనే దించకపోవడం, పిల్లలను మన ఊరి బడిలో ఆ మూడు నెలలకు చేర్పించడం. హెడ్‌మాస్టరును అడిగితే కాదనరు. కూలి లెక్క మేస్త్రి చేతికి కాక వాళ్ళ చేతికే ఇవ్వండి. ఏ ఊరమ్మా మీది అని అడగండి. గొట్టిపడియ అంటే, మీ పరిహారం వచ్చిందా అని కూడా అడగండి. రాలేదంటే, ఓటు అడగడానికి మన ఊరొచ్చే నాయకుడిని వాళ్ళ తరఫున మనం నిలదీయాలి.